పాట అందిచ్చే మనిషి

రత్నాకర్ సార్ నా కవితలు తిరిగిచ్చిన రోజు, చేవెళ్ల బస్టాండు కాడ నిలవడి ఆ కాగితాలన్ని చింపి మోరీల ఏద్దామన్నంత కోపమొచ్చింది నాకు. నలభై రెండు కవితలు. సార్ ఒక్క మాట గూడ కొట్టెయ్యలే. మంచిగున్నదని రాయలే, బాగలేదని గూడ రాయలే. ప్రతి పాదం చివర పెన్సిల్‌తోని చిన్న గీత గీసి, పక్కన ఒక్కటే మాట రాసిండు. ‘ఇక్కడెందుకు?’

పేజీకి ఇరవై సార్లు. ఇక్కడెందుకు, ఇక్కడెందుకు, ఇక్కడెందుకు.

సార్ ముప్పై ఏండ్లు పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైనాయన. నా పుస్తకం అచ్చేపిస్త అన్నది గూడ ఆయనే. ఎదురు చెప్పొద్దనుకున్న గని నోరు ఆగలే.

“చూడ్డానికి మంచిగుంటదని అక్కడ ఇరిసిన సార్” అన్న.

“చూడ్డానికా, చదవడానికా?”

“కవులందరు గట్లనే ఇరుస్తరు గదా.”

“అందరి సంగతి నాకెందుకు జెన్నీ. నువ్వు పాదం ఎక్కడ ఆపుతున్నవో, ఎందుకు ఆపుతున్నవో నీకు తెల్వాలె. ఈస్టర్ ఎల్లినంక రా. ఒక్క గీతకన్న జవాబు పట్టుకరా” అన్నడు. అని చాయ్ తాగుడు మొదలుపెట్టిండు.

మా ఊరు సురంగల్ దాక స్కూటీ మీద తిట్టుకుంటనే వచ్చిన. రోడ్డు పని నడుస్తున్నది, ఇంటికొచ్చేసరికి నోట్లె ముక్కుల దుమ్మే. నాకు మొదలే నిలకడ తక్కువ. దొంతన్‌పల్లి యూనివర్సిటీల లైబ్రరీ పని నాది, పుస్తకాలకు నంబర్లు అంటువెడ్త. కూసొని చేసే పని అది, అయినా పది నిమిషాలు కుర్చీల ఉండను. ‘కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతవేందే’ అంటది మా అమ్మ. ఆ ఎండాకాలమైతే మరీ ఎక్కువ తిరిగిన. అన్నం తింటుంటే గూడ ఇక్కడెందుకు, ఇక్కడెందుకు అని చెవుల్ల ఒకటే మోత.

మా అమ్మ పేరు కరుణమ్మ. వారమంత ప్లాస్టిక్ కప్పు ఏసిన గులాబీల పాలీహౌస్‌ల పూలు కోస్తది. ఆదివారం మాత్రం చర్చిల ముందట నిలవడ్తది. మా సంఘంల ఆడోళ్ళల్ల సగం మందికి చదువు రాదు. అందుకని మా అమ్మమ్మ కాలం సంది ఒక పద్ధతున్నది, పాట అందిచ్చుడు అంటం దాన్ని. ఒక మనిషి ముందుగాల పాటను ముక్క ముక్క పాడుతది. ఎనుక అందరు అదే ముక్క తిరిగి పాడుతరు. ముక్క ఎంత పొడుగుండాలె, యాడ ఆగాలె అన్నది అందిచ్చేటామె ఇష్టం. ఇరవై ఆరేండ్ల సంది ఆ మనిషి మా అమ్మ.

ఈస్టర్‌కు ముందు నలభై దినాల శ్రమల కాలం మొదలైన రెండో ఆదివారం, సంఘ పెద్ద స్వామిదాసు పెద్దనాయిన చర్చికి గోడంత టీవీ తెచ్చి బిగిచ్చిండు. నన్ను పిలిచి, “పట్నంల అన్ని చర్చిలల్ల పాటలు తెరమీదనే పడుతున్నయ్. నువ్వు టైప్ చేసి పెట్టు బిడ్డా. కవిత్వం రాస్తవ్ గదా, లైన్లు మంచిగ ఇరుస్తవ్” అన్నడు.

మళ్ల లైన్లే. ఎవరి నోట్ల చూసినా అదే గోస.

“చదువు రానోళ్ళు ఏం జేస్తరు పెద్దనాయినా?” అన్న.

“పిల్లలు తెర చూస్తరు. పిల్లల్ని చూసి పెద్దోళ్ళు పాడుతరు. మీ అమ్మకు గూడ జర రెస్ట్ ఉంటది.”

అమ్మ అక్కడనే ఉన్నది. చాపలు మడతవెడుతున్నది. మా దిక్కు తల ఎత్తలే. నేను గూడ ఆమె దిక్కు సరిగ్గ చూడలే. నా తలకాయల వేరే లెక్క నడుస్తున్నది. అమ్మ యాడ ఆగితే అక్కడ లైను ఇరిస్తే అయిపాయె గదా, సార్‌కు గూడ ఒక జవాబు దొరుకుతది అనుకున్న.

ఆ సాయంత్రం అమ్మ ఇంటి ముందటి గద్దె మీద కూసొని పిన్నీసుతోని వేళ్ళల్ల గులాబి ముండ్లు తీసుకుంటున్నది. నేను ఫోన్‌ల రికార్డింగ్ పెట్టి పక్కన కూసున్న. పండుగ పాటలన్ని ఒక్కొక్కటి అందిచ్చినట్టు పాడమన్న. పాడింది. అయినంక అడిగిన.

“అమ్మా, పాటను యాడ ఇరవాలెనో నీకెట్ల తెలుస్తది?”

“ఇరుసుడేందే, పొయిల కట్టెనా?”

“సరే, ఆగుడు. యాడ ఆగాలెనో ఎట్ల తెలుస్తది?”

ఇంకో ముల్లు తీసి అవతల పారేసింది. “గడ్డిమోపు ఎత్తుతం గదా ఒకలకొకలం. బాలనర్సమ్మ నెత్తికి మోపు ఎత్తేటప్పుడు నేను మోపు చూడను. ఆమె మెడ చూస్త. మెడ నిలవడ్డదంటే చెయ్యి ఇడుస్త. పాట గూడ గంతే. అవతలోళ్ళు ఎంత మోస్తరో అంతే ఇయ్యాలె. ఎక్కువిస్తే నడుమల పడేస్తరు. మరీ తక్కువిస్తే మేమేమన్న చిన్నపిల్లలమా అని అలుగుతరు.”

“అంటే ఊపిరి లెక్కనేనా? ఇంకేం లేదా?”

“ఎందుకు లేదు.” నా దిక్కు ఓరగ చూసింది. “ఈస్టర్ పాటల ‘సమాధిల లేడు, లేచినాడు’ అని వస్తదా? అది ఒక్కపారే ఇయ్యను. ‘సమాధిల’ అని ఆగుత. వాళ్ళు గూడ ‘సమాధిల’ అని ఆగుతరు. అప్పుడు ఎవరి మనిషి వాళ్ళకు యాదికొస్తడు. జర గుబులైతది. అటెన్క ఇస్త, ‘లేడు’ అని.”

నాకు కుళ్ళొచ్చింది, దాచుడెందుకు. నలభై రెండు కవితలల్ల నేను ఒక్కసారి గూడ గంత పని చెయ్యలే. బైబిలు పట్టుకొని అక్షరాలు నేర్చుకున్న మనిషి ఈమె, బీఏ చదివిన నేను ఎంటర్ కొట్టుకుంట కూసున్న.

పాడేటప్పుడు రెండు మూడుసార్లు దగ్గింది. “దుమ్ము” అన్నది. ఆ ఎండాకాలం సురంగల్‌ల దగ్గనోళ్ళెవరు? నేను గూడ దగ్గుతనే ఉన్న.

తెల్లారి ఆ రికార్డు వినుకుంట పాటలన్ని టైప్ చేసిన. ఆమె ఆగిన ప్రతి కాడ లైను మలిపిన. చిన్న చిన్న లైన్లు. తెరమీద చూస్తే అచ్చు కవిత్వమే. మురిసిపోయిన.

మంచి శుక్రవారం, అదే గుడ్ ఫ్రైడే నాడు, చర్చిల ఉడుకు. పన్నెండు నుంచి మూడు దాక ఆరాధన, ఫ్యాన్లు తిరుగుతున్నా గాలి లేదు. ఆడోళ్ళందరు తెల్ల చీరలల్ల చాపల మీద. బాలనర్సమ్మ అవ్వ ఎప్పటిలెక్కనే ముందువరుసల, అమ్మకు ఎదురుంగ. పిల్లలు టీవీ చూస్తున్నరు, ఆడోళ్ళు అమ్మ మొకం చూస్తున్నరు. నేను లాప్‌టాప్ ముందట కూసొని, పాట ఎక్కడిదాక వచ్చిందో చూసుకుంట తెర మారుస్తున్న.

నాలుగో పాట మా ఊరోళ్ళు కట్టిన సిలువ పాట, ఏ పుస్తకంల లేదు. ‘మోయరాని మాను మోసి ఒరిగినావా’ అని మొదలైతది. అమ్మ “మోయరాని మాను” అన్నది. మంది అందుకున్నరు, “మోయరాని మాను.” తర్వాత ముక్క రావాలె. రాలే.

అమ్మ బల్ల అంచు పట్టుకొని నిలవడ్డది. తల వంచింది. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏం లేదు. తెరమీద తర్వాత లైను తెల్లగ మెరుస్తున్నది, ఆమె తలెత్తి చూస్తే అయిపోతది గని చూస్తలేదు. మరిచిపోయింది అనుకున్న. ఇజ్జత్ పోతున్నది అనుకున్న. ఆమె ఇజ్జతా, నా ఇజ్జతా, అప్పుడు ఆలోచన చెయ్యలే. లేచి నిలవడి గట్టిగ అందిచ్చిన.

“మోసి ఒరిగినావా.”

మంది ఒక్క క్షణం అటు ఇటు చూసిన్రు. పిల్లలు అందుకున్నరు, తర్వాత అందరు. స్వామిదాసు పెద్దనాయిన కానియ్ కానియ్ అని చెయ్యి ఊపిండు. నేను ఆగలే. తర్వాత ముక్క ఇచ్చిన, దాని తర్వాతది ఇచ్చిన, పాటంత నేనే అందిచ్చిన. మస్తు మంచిగనిపిచ్చింది, అబద్ధమెందుకు. రెండు వందల గొంతులు నేను ఆగిన కాడ ఆగుతున్నయ్.

పాట అయినంక చూస్తే అమ్మ ముందట లేదు. అందరికన్న ఎనుక, చెప్పులు ఇడిచేకాడ చాప కొస మీద కూసున్నది. ఆమెను అక్కడ నేనెప్పుడు చూడలే.

ఇంటికి నడుసుకుంట వస్తుంటే ఒక్కటే మాట అన్నది. “నేను మరిచిపోలే.”

“మరెందుకు ఆగినవ్?”

“ఆగాలె, ఆగిన. అటెన్క ఇచ్చేదాన్నే. నువ్వే నిలువనియ్యలే.”

బాపు చిన్న మంగళారం ఊర్ల ఫామ్‌హౌస్ కాడ వాచ్‌మన్, వారానికొక్కసారి వస్తడు. ఆ రోజు ఆయన గూడ ఇంట్ల లేడు, మా ఇద్దరి నడుమ మాట కలపనీకె. నేను గిన్నెలు కడిగిన, వాకిలి ఊడ్చిన, ఊడ్చిన వాకిలే మళ్ల ఊడ్చిన. అమ్మ గోడ దిక్కు తిరిగి పండుకున్నది.

శనివారం అమ్మ పూలకు పోయింది, నాకు సెలవు. ఆమెను ఎట్ల సముదాయిచ్చాలెనో తెల్వక ఫోన్ తీసిన. పోయినేడు ఈస్టర్ పాట దాంట్ల ఉన్నది. బాపుకు డ్యూటీ ఉండి రాకపోతే ఆయన కోసమని రికార్డు చేసిన. అమ్మ గొంతు మంచిగున్నప్పటిది వినిపిస్తే జర కరుగుతది అనుకున్న.

విన్న. ‘రాయి దొర్లిన తావు చూడ రారండి, రాతిరంత ఏడ్చినోళ్ళు లేవండి.’ ఏదో తేడా కొట్టింది. నెల కింద గద్దె మీద పాడిన రికార్డు పెట్టిన. మళ్ల పోయినేడుది. కాగితం తీసుకొని, సార్ లెక్కనే అమ్మ ఆగిన కాడల్ల పెన్సిల్ గీత పెట్టుకుంట విన్న.

పోయినేడు ‘రాయి దొర్లిన తావు చూడ రారండి’ మొత్తం ఒకటే ముక్క. ఈ యేడు ‘రాయి దొర్లిన తావు’ ఒక ముక్క, ‘చూడ రారండి’ ఇంకో ముక్క. ఒక్క ‘సమాధిల’ మాత్రం రెండిట్ల ఒక్క తీరుగున్నది. మిగిలినయన్ని కురచనే. పోయినేడు పదహారు గీతలు, ఈ యేడు ముప్పై ఒకటి. ఫోన్ చెవికి అదిమి పెట్టుకుంటే ముక్క ముక్కకు నడుమ సన్నగ ఈల ఏసినట్టు చప్పుడు. గాలి లోపటికి పోతలేని చప్పుడు.

ఇక్కడెందుకు?

ఆ ముప్పై ఒకటి నేను కవిత్వం అనుకొని టైప్ చేసి టీవీల పెట్టిన. ఇల్లంత తిరిగిన. నీళ్ళు తాగిన. కూసోబుద్ధి కాలే, నిలవడబుద్ధి కాలే. పాలీహౌస్ దిక్కు సగం దూరం స్కూటీ తోలి మళ్ల ఎనుకకొచ్చిన. పది మంది ముందట ఏమని అడగాలె?

అమ్మ వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అడిగేసిన. “ఎప్పటిసంది ఊపిరి అందుతలేదు?”

“ఎవరికి?”

“అమ్మా.”

చెంబు కింద పెట్టింది. “చలికాలం సంది. లోపట పురుగుల మందు కొట్టినంక గంట ఆగి పొమ్మంటరు. ఎవరు ఆగుతరు, పూలు ఆగుతయా? దుమ్ము తగ్గితే అదే తగ్గుతది అనుకున్న.”

“ఇప్పుడే దవాఖానకు పోదాం పా. పెద్దనాయినకు చెప్త, రేపు నేను అందిస్త.”

“చెప్పకు.” నా చెయ్యి పట్టుకున్నది, తడి చెయ్యి. “స్వామిదాసు బావకు చెప్పినవంటే రేపటిసంది నన్ను ఎనుక కూసోబెడ్తడు. పాపం అని కూసోబెడ్తడు. రేపు ఈస్టర్ ఆరాధన సమాధుల తోటల, అక్కడ టీవీ గీవీ ఉండదు. ఈ ఒక్క పాట ఇయ్యనియ్యి. మంగళారం నువ్వు ఏ దవాఖాన అంటే ఆ దవాఖానకొస్త.”

“నడుమల ఊపిరి ఆడకపోతే?”

“ఆగుత. ఆగితే మాత్రం నువ్వు అందుకోకు.”

“ఎంతసేపని ఆగుతరమ్మా మంది?”

“మంది సంగతి ఇడువు. నీకు ఆగొస్తదా, ముందు గది చెప్పు.”

వస్తది అన్న. నాకే నమ్మకం లేదు.

ఈస్టర్ నాడు ఇంక మసక ఉండంగనే అందరం సమాధుల తోటల జమైనం. ఒక దిక్కు ఫామ్‌హౌస్ ప్లాట్ల ఫెన్సింగ్, ఒక దిక్కు మా వాళ్ళ సమాధులు, వాటి మీద కొవ్వొత్తులు, బంతిపూలు. అమ్మ మా అమ్మమ్మ సమాధి పక్కన నిలవడ్డది. పాస్టర్ అయ్యగారు ప్రార్థన చేసి తల ఊపిండు. అమ్మ కొంగు సర్దుకున్నది.

“రాయి” అన్నది.

ఆగింది.

ఒక్క మాట. పోయినేడు నాలుగైదు మాటల పొడుగున్న ముక్క, ఇప్పుడు ఒక్క మాట కాడ ఆగింది. నోరు తెరిచి ఉన్నది, భుజాలు పైకి లేస్తున్నయ్, కిందికి దిగుతున్నయ్. ఇది పాదం ఇరుపా, లేకుంటే పాటే ఆగిపోయిందా? నాకు తెల్వదు. మిగిలిన ముక్కంత నా నాలుక మీద ఉన్నది. స్వామిదాసు పెద్దనాయిన నా దిక్కు చూసి గడ్డం ఎగరేసిండు, అందుకో అని. పిల్లలు గూడ నన్నే చూస్తున్నరు. నా కాలి వేళ్ళు చెప్పుల ముడుచుకపోయినయ్. చున్నీ కొస నోట్లె కుక్కుకున్న, నిజంగనే కుక్కుకున్న, లేకపోతే అనేసేదాన్ని.

బాలనర్సమ్మ అవ్వ ఫికరే లేదన్నట్టు, మెల్లగ, సాగదీసి అందుకున్నది. “రాయి…”

ఆడోళ్ళందరు అన్నరు. “రాయి…” వాళ్ళు ఎంతసేపు సాగదీసిన్రంటే, అమ్మ ఒకటికి రెండుసార్లు గాలి తీసుకున్నది.

“దొర్లిన” అన్నది అమ్మ.

“దొర్లిన…”

“తావు.”

గట్లనే నడిచింది పాట. ఒక్కో మాట, ఒక్కోసారి రెండు. ఎవ్వరు ముందుకు ఉరకలే, ఎవ్వరు దగ్గలే. రెండో చరణంల “సమాధిల” అని ఆగినప్పుడు మస్తు సేపు ఆగింది. ఎవరి సమాధి కాడ వాళ్ళు నిలవడి ఉన్నరు గదా, తలలు వంచిన్రు. “లేడు” అన్నది. అప్పుడు నేను ఏడ్చిన. చిన్నప్పటిసంది విన్న పాట అది, ఏనాడు ఏడ్వలే.

ఐదు నిమిషాల పాట. అయిపోయేసరికి ఫెన్సింగ్ మీదికి ఎండొచ్చింది. స్వామిదాసు పెద్దనాయిన కండ్లద్దాలు తుడుసుకుంట అమ్మకు స్టూలు తెచ్చి ఏసిండు. అమ్మ కూసున్నది.

నేను బాలనర్సమ్మ అవ్వ చెయ్యి పట్టుకొని పక్కకు తీసుకపోయిన. “అవ్వా, మీకు తెలుసా అమ్మకు గిట్లున్నదని?”

“క్రిస్మస్ సంది తెల్సు” అన్నది. “ముక్కలు చిన్నగైనయ్ గదా. మేం జర సాగదీసి పాడుతున్నం, ఆమె గాలి తీసుకునే దాక. ఆమెకు చెప్పలే, సిగ్గైతదని.”

“మరి నాకన్న చెప్పొద్దా?”

అవ్వ నా మొకం దిక్కు చూసింది. కోపం లేదు ఆ చూపుల. “నువ్వు రాసేదానివి గదా బిడ్డా. వింటున్నవనుకున్నం.”

కొవ్వొత్తులు ఆర్పి సంచిల ఏసుకున్న.

మంగళారం దవాఖాన. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసింది, వీపు మీద మిషన్ పెట్టి విన్నది. “ఒక్క ఊపిరిల ఒకటి నుంచి ఎంతదాక అనగలవో అనమ్మా” అన్నది. అమ్మ పదకొండు కాడ ఆగింది. డాక్టరమ్మ చీటీ మీద పదకొండు అని రాసి, ఇగ పాలీహౌస్ బందు అన్నది. ఊపిరితిత్తులు గట్టిపడ్డయట. ఉన్నది కాపాడుకోవచ్చు గని పోయింది మళ్ల రాదట. పీల్చే పంపు ఇచ్చింది, గోలీలిచ్చింది. అమ్మ ఒక్కటే అడిగింది, పాడొచ్చా అని. జరంత పాడొచ్చు, ఆయాసం కానియ్యొద్దు అన్నది డాక్టరమ్మ.

రత్నాకర్ సార్ కాడికి నేను పోలే. ఈస్టర్ పోయింది, మే నెల పోయింది. సార్ రెండుసార్లు ఫోన్ చేసిండు, ఎత్తలే. చర్చిల టీవీ ఉన్నది, తెరమీద పాటలు పడుతున్నయ్. ఆదివారానికి ఒక్క పాట మాత్రం అమ్మ కుర్చీల కూసొని అందిస్తది.

మొదటి వాన పడ్డనాడు మేమిద్దరం గద్దె మీద ఉన్నం. అమ్మకు పని లేక చేతులు ఊరుకుంటలేవు, కొంగు మడుస్తది, ఇప్పుతది. ఆమె గూడ నా లెక్కనే అయింది.

“నీ కాగితాలేమైనయే?” అన్నది.

“ఉన్నయ్.”

“తే. ఇయ్యి ఒకపారి.”

“ఇచ్చుడేందమ్మా, అవి పాటలు కావు.”

“తెల్సు. ఇయ్యి.”

తెచ్చిన. ఆమె ముందట కూసున్న. పై కవిత తీసి మొదటి పాదం చదివిన, ఆగిన. అమ్మ అదే పాదం తిరిగి అన్నది. రెండోది చదివిన, రెండోది అన్నది. మూడోది పొడుగు పాదం. సగంల ఆమె గొంతు సన్నబడ్డది, చెయ్యి ఎత్తింది. నేను కాగితం చూసుడు బంద్ చేసి ఆమె మెడ చూసిన. నరాలు లేచినయ్, గుంతలు పడ్డయ్. నిమ్మలంగ అయ్యేదాక చూసిన. ఎంతసేపైందో తెల్వదు, వాన పడుతనే ఉన్నది, నాకు లేవాలనిపియ్యలే.

“ఎక్కువిచ్చినవ్” అన్నది అమ్మ. “మళ్ల ఇయ్యి.”

సార్ పెన్సిల్ గీత కాడ కాదు, దానికి రెండు మాటల ముందట ఆపిన. అమ్మ మొత్తం అందుకున్నది.